వాడని ఫైర్‌ప్లేస్‌లోంచి ఇంట్లో వేడి పోకుండా ఆపడం ఎలా

హీటర్ రోజంతా నడుస్తూనే ఉంటుంది, సోఫాలో కూర్చుంటే మాత్రం పాదాల దగ్గర చల్లగాలి తగులుతూనే ఉంటుంది. కిటికీలకు టేపు వేశారు, తలుపు కింద గుడ్డ చుట్టి పెట్టారు, అయినా అంతే. అలాంటి ఇంట్లో ఒక ఇటుకల ఫైర్‌ప్లేస్ ఉండి, దాంట్లో ఏళ్ల తరబడి ఎవరూ మంట వెయ్యకపోతే ముందు అనుమానించాల్సింది దాన్నే. చూడటానికి గోడలో గూడులా కనిపిస్తుంది గానీ అది పైకప్పు దాటి ఆకాశంలోకి తెరిచి ఉన్న కన్నం. గడ్డకట్టే చలిలో కిటికీ తెరిచి పెట్టుకుని పడుకోమంటే ఎవరం ఒప్పుకోం. ఇది మాత్రం చలికాలమంతా తెరిచే ఉంటుంది, ఎవరికీ పట్టదు.

నేనూ మొదట ఇటుకల్నే తప్పుపట్టాను. చేత్తో ముట్టుకుంటే చల్లగా ఉన్నాయి కదా, వేడంతా వీటిలోంచే పోతోంది అనుకుని వాటి మీద ఏం అతికించాలా అని రెండు రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాను. ఇటుకల్లోంచి పోయే వేడి కూడా ఉంది, దాని సంగతి తర్వాత చెబుతాను. కానీ అసలు దొంగ గాలి. ముందు గాలిని కట్టెయ్యాలి, ఇటుకల జోలికి ఆ తర్వాతే వెళ్లాలి. ఈ వరస తిరగేస్తే డబ్బూ పోతుంది, చలీ తగ్గదు.

గాలి ఎలా పోతోంది

వేడిగాలి తేలిక కాబట్టి పైకి పోతుంది. చిమ్నీని కట్టిందే ఆ పని కోసం. కింద మంట లేదని అది పని మానెయ్యదు, గదిలో గాలి బయటి గాలికన్నా వెచ్చగా ఉన్నంతసేపూ లాగుతూనే ఉంటుంది. చిమ్నీ ఎంత పొడవుంటే, లోపలికీ బయటికీ ఉష్ణోగ్రతలో ఎంత తేడా ఉంటే లాగుడు అంత బలంగా ఉంటుంది. అంటే మీకు వెచ్చదనం బాగా అవసరమైన రాత్రే అది మరింత గట్టిగా లాగుతుందన్నమాట. పైన ఈదురుగాలి కూడా ఉంటే ఇక చెప్పనక్కర్లేదు. పైకి పోయిన గాలి స్థానంలోకి ఎక్కడినుంచో ఒకచోటి నుంచి బయటి గాలి రావాలి కదా, అది తలుపు సందుల్లోంచి, స్విచ్ బోర్డుల వెనకనుంచి, నేల చెక్కల మధ్యనుంచి దూరుతుంది. మీ పాదాలకి తగిలేది అదే. అందుకే కిటికీలకి ఎంత టేపు వేసినా తీరదు, ఒక సందు మూస్తే ఇంకో సందు వెతుక్కుంటుంది.

ఒక చిన్న లెక్క వేద్దాం. చిమ్నీ లోపలి గొట్టం కన్నం ఒక వైపు 20 సెం.మీ., ఇంకో వైపు 30 సెం.మీ. అనుకోండి, అంటే 0.06 చదరపు మీటర్లు. దాంట్లోంచి గాలి సెకనుకి ఒక మీటరు చొప్పున పోతోందనుకుందాం. అది పెద్ద వేగమేం కాదు, మెల్లగా నడిచే మనిషి కూడా దాన్ని దాటిపోతాడు. అయినా గంటకి 216 ఘనపు మీటర్లు పోతుంది. 5 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, 2.5 మీటర్ల ఎత్తు ఉన్న గదిలో పట్టే గాలి మొత్తం 50 ఘనపు మీటర్లే. అంటే గంట తిరిగేసరికి నాలుగు గదుల వెచ్చని గాలి ఆకాశంపాలు. బయట 0 డిగ్రీలు, లోపల 20 డిగ్రీలు ఉంటే, అలా లోపలికొచ్చిన చల్లగాలిని మళ్లీ వేడి చెయ్యడానికే సుమారు 1,400 వాట్లు కావాలి. గది హీటర్ ఒకటి పూర్తిగా చిమ్నీ సేవకే అంకితమైపోయినట్టు. మీ ఇంట్లో వేగం అచ్చం ఇంతే ఉండాలని లేదు, గొట్టం కింద ఉండే డ్యాంపర్ అనే మూత వేసి ఉంటే చాలా తగ్గుతుంది కూడా, కానీ విషయం ఏ స్థాయిలో ఉందో తెలియడానికి ఈ లెక్క చాలు.

"మాది డ్యాంపర్ మూసే ఉంది కదా" అంటారు చాలామంది. డ్యాంపర్ అంటే ఫైర్‌ప్లేస్ గొంతు దగ్గర, మంట గూటికి కాస్త పైన ఉండే ఇనప మూత. మంటల వేడికి వంకర పోతుంది, పైనుంచి కారే నీళ్లకి తుప్పు పడుతుంది, అది కూర్చునే అంచు మీద మసి, రాలిన సున్నం పేరుకుంటాయి. కొత్తగా ఉన్నప్పుడు కూడా ఇనుము ఇనుము మీద కూర్చోవడమే తప్ప మధ్యలో రబ్బరు ఏమీ ఉండదు. పొగని అదుపు చెయ్యడానికి పెట్టిన మూత అది, గాలి చొరకుండా చెయ్యడానికి కాదు. టార్చ్ వేసి చూస్తే మూసిన డ్యాంపర్ చుట్టూ వేలు పట్టేంత సందు కనిపించడం పెద్ద వింతేం కాదు. మూసి పెట్టడం తెరిచి పెట్టడంకన్నా నయం, అంతవరకే.

మూసే ముందు

ఇక్కడ తొందరపడకండి. మొదటి ప్రశ్న, ఆ చిమ్నీ నిజంగా ఖాళీగా ఉందా? బయటినుంచి చూస్తే ఒకే చిమ్నీలా ఉంటుంది గానీ లోపల రెండు మూడు గొట్టాలుండొచ్చు, నీళ్ల హీటరో బాయిలరో వాటిలో ఒకదాంట్లోకి పొగ వదులుతుండొచ్చు. పై అంతస్తులో ఇంకో ఫైర్‌ప్లేస్ ఉండొచ్చు. గ్యాస్‌తో మండే ఉత్తుత్తి దుంగలు అమర్చి ఉండి, వాటి పైలట్ మంట, అంటే ఎప్పుడూ ఆరకుండా ఉంచే చిన్న మంట, వెలుగుతూ ఉండొచ్చు. అలాంటి గొట్టాన్ని మూస్తే కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి తిరగబడుతుంది. ఆ వాయువుకి రంగూ లేదు, వాసనా లేదు, ప్రాణం తీసేదాకా తెలియదు. ఏ గొట్టం ఎక్కడికి పోతోందో మీకు తెలియకపోతే చిమ్నీ పని తెలిసిన మనిషిని ఒక్కసారి పిలిపించుకోండి. ఇక్కడ పొదుపు చెయ్యొద్దు.

రెండో ప్రశ్న, ఎప్పుడైనా మళ్లీ మంట వేస్తారా? "వెయ్యం, కానీ ఏమో, పండక్కో చుట్టాలొచ్చినప్పుడో..." అనేవాళ్లు తీసి పెట్టుకునే మూత దగ్గర ఆగిపోవాలి. ఇక ఈ జన్మలో వెయ్యం అనేవాళ్లకి శాశ్వతంగా మూసే దారి ఉంది. మధ్యలో ఊగిసలాడితే తీసి పెట్టుకునే మూతే మంచిది, తప్పు చేసినా దిద్దుకోవచ్చు.

తర్వాత డ్యాంపర్ తెరిచి, కళ్లకి అద్దాలు, ముక్కుకి మాస్కు పెట్టుకుని టార్చ్‌తో పైకి చూడండి. అద్దాలు లేకుండా చూస్తే ఎందుకు పెట్టుకోమన్నానో వెంటనే అర్థమవుతుంది. పిట్ట గూడు, ఎండుటాకులు, పగిలిన మట్టి గొట్టం ముక్కలు, నీటి చారికలు ఉన్నాయేమో గమనించండి. గూట్లో పిల్లలుంటే అవి ఎగిరిపోయేదాకా ఆగాలి, చాలా దేశాల్లో అలాంటి గూళ్లని కదపడం చట్టప్రకారం కూడా నేరమే. మసి బాగా ఉంటే శుభ్రం చేయించాకే మూత వెయ్యండి. మసి చెమ్మ పీలుస్తుంది, చెమ్మ పట్టిన మసి కంపు ఇల్లంతా పాకుతుంది, ఆ కంపు మీద మూత వేసినంత మాత్రాన పోదు. పాత ఇళ్లలో ఇంకొక జాగ్రత్త: ఎవరో ఎప్పుడో ఒక బూడిదరంగు రేకులాంటి బోర్డుతో ఫైర్‌ప్లేస్ మూసి ఉంటే దాన్ని పగలగొట్టకండి, రంధ్రం కూడా వెయ్యకండి. అందులో ఆస్బెస్టాస్, అంటే పీలిస్తే ఊపిరితిత్తుల్ని పాడుచేసే పీచు, ఉండే అవకాశం ఉంది. ముందు పరీక్ష చేయించాలి.

గాలి ఎక్కడ పోతోందో పట్టుకోవడం

దీనికి మిషన్లేం అక్కర్లేదు, ఒక అగరుబత్తి చాలు. బాగా చలిగా ఉన్న సాయంత్రం చూసుకుని, కిటికీలు తలుపులు మూసి, ఫ్యాన్లు, వంటింటి ఎగ్జాస్టు ఆపేసి, పది నిమిషాలు గాలి సర్దుకోనివ్వండి. అగరుబత్తి వెలిగించి ఫైర్‌ప్లేస్ ముందు పట్టుకోండి. పొగ నిటారుగా లేవకుండా నడుం వంచుకుని గూట్లోకి వెళ్లి పైకి జారుకుంటోందంటే మీ హీటర్ వేడి కూడా అదే దారిన పోతోందన్నమాట. నేను మొదటిసారి చూసినప్పుడు పొగని ఎవరో దారం కట్టి లాగినట్టే పోయింది, డ్యాంపర్ మూసి ఉండగా.

అక్కడితో ఆపకండి. అగరుబత్తిని మెల్లగా అంచుల వెంట తిప్పండి. ఇటుకల చట్రం గోడని కలిసే చోట, పైన చెక్క అర కింద, గూటి నేలలో బూడిద తోసే చిన్న ఇనప తలుపు దగ్గర, ముందుండే రాతి పలక అంచున. పొగ వణికిన ప్రతిచోటా సుద్దముక్కతో గీత పెట్టండి. మాకు పెద్ద కన్నం గొంతు దగ్గరే అనుకున్నాం, నిజమే, కానీ ఆ బూడిద తలుపులోంచి వచ్చే గాలికి అగరుబత్తి నిప్పే ఎర్రబడింది! అరచేయంత లేని తలుపు అది, కిందున్న బూడిద గుంటలోంచి నేరుగా బయటి గాలి తెస్తోంది. బూడిద మిగలకుండా శుభ్రం చేసి, ఒక రేకు ముక్క పెట్టి, చుట్టూ అధిక వేడిని తట్టుకునే సిలికాన్ వేస్తే పావుగంటలో పోయే పని. ఇన్నాళ్లూ ఎందుకు చూడలేదా అని సిగ్గేసింది.

ఏ మూత వెయ్యాలి

గొంతు దగ్గర ఇరికించే గాలిబుడగలు దొరుకుతాయి, గట్టి ప్లాస్టిక్ దిండులా ఉంటాయి, డ్యాంపర్ దగ్గర పెట్టి గాలి ఊదితే గొట్టం ఆకారానికి ఉబ్బి కూర్చుంటాయి. కొలత సరిగ్గా తీసుకుంటే బాగానే పనిచేస్తాయి గానీ గాలి మెల్లగా దిగుతుంది, నెలకోసారి చేత్తో నొక్కి చూసుకోవాలి. గరుకు ఇటుక మొన గుచ్చుకుంటే దాని కథ ముగిసినట్టే. గొర్రె ఉన్నితో మందంగా చేసిన మూతలూ ఉన్నాయి, నాకు ఇవి ఎక్కువ నచ్చుతాయి. ఉన్ని వంకర టింకర అంచుల్లోకి సర్దుకుంటుంది, కొంచెం చెమ్మ పీల్చి మళ్లీ వదిలేస్తుంది, గాలి పూర్తిగా బిగదియ్యదు కాబట్టి చిమ్నీ లోపల కాస్త ఊపిరి ఆడుతుంది.

చిమ్నీ కొసన బిగించే డ్యాంపర్ ఇంకో రకం. దాని మూతకి రబ్బరు అంచు ఉంటుంది, అక్కడినుంచి స్టీలు తీగ కిందికి దిగి గూటి పక్కన కొక్కేనికి తగులుకుంటుంది, లాగితే మూసుకుంటుంది. మంట అప్పుడప్పుడూ వేసేవాళ్లకి ఇదే సరైనది, వానా పిట్టలూ కూడా ఆగిపోతాయి. పైకప్పు ఎక్కే పని కాబట్టి దీన్ని మీరే చేద్దామనుకోకండి. అద్దాల తలుపుల గురించి కూడా అడుగుతుంటారు. అందంగా ఉంటాయి, గాలిని కొంత తగ్గిస్తాయి, కానీ రెక్కల మధ్య, అడుగున గాలి వెళ్లే సందులు కావాలనే వదులుతారు. చలి ఆపడం కోసమే కొనాలనుకుంటే వద్దంటాను.

పాత బట్టలు, దుప్పట్లు, న్యూస్‌పేపర్లు కుక్కడం మాత్రం చెయ్యకండి. నేను చేశాను కాబట్టి చెబుతున్నాను. మొదటి చలికాలం ఒక పాత బొంత గొంతులో కుక్కి శభాష్ అనుకున్నాను, గాలి నిజంగానే తగ్గింది. వానలు మొదలయ్యాక పైనుంచి కారిన నీళ్లన్నీ అది తాగింది. బయటికి లాగితే నల్లటి మసి నీళ్లు మోచేతుల దాకా, ఆ వాసన వారం రోజులు పోలేదు. పైగా మీకు తెలియకుండా ఎవరైనా కింద మంట వేస్తే అంతకన్నా మంచి ఇంధనం లేదు. పసుపు రంగు గాజు ఉన్ని ఒక్కటే కుక్కినా లాభం తక్కువ, అది వేడిని ఆపుతుంది గానీ గాలిని ఆపదు, గాలి దాంట్లోంచి వడపోసినట్టు పోతూనే ఉంటుంది. కొన్నాళ్లకి తీసి చూడండి, గాలి పోయిన దారి నల్లగా కనబడుతుంది.

మీరే చేసుకునే బోర్డు మూత

ఇక నా ఓటు దీనికే. ఫైర్‌ప్లేస్ నోటికి సరిపోయేలా ఫోమ్ బోర్డు కోసి, చుట్టూ మెత్తటి స్పాంజి పట్టీ అతికించి బిగించడం. గొంతు దగ్గర కాకుండా నోటి దగ్గరే ఎందుకంటే, గొంతు మూస్తే గాలి ఆగుతుంది గానీ గూటి లోపలి చల్లటి ఇటుకలు గదిలోకే చూస్తుంటాయి. నోటి దగ్గర మూస్తే గాలీ ఆగుతుంది, ఆ ఇటుకలూ బోర్డు అవతలికి వెళ్లిపోతాయి. ఇందాక ఇటుకల సంగతి తర్వాత చెబుతానన్నాను కదా, అది ఇదే: 5 సెం.మీ. మంచి ఫోమ్ బోర్డు ఆపినంత వేడిని ఆపాలంటే సుమారు మీటరు మందం ఇటుక గోడ కావాలి. చిమ్నీ బయటి గోడకి ఉన్న ఇళ్లలో గూటి వెనక ఒక వరసో రెండు వరసలో ఇటుకలు, ఆ తర్వాత ఆరుబయలే. అలాంటి చోట నోటికి వేసిన బోర్డుకి తిరుగులేదు. చిమ్నీ ఇంటి నడిమధ్యన ఉంటే ఈ తేడా అంతగా ఉండదు, గొంతు దగ్గర మూత సరిపోతుంది.

బోర్డు ఏది కొనాలంటే, రంగులో ఉండే గట్టి పాలీస్టైరిన్ బోర్డు, లేదా రెండు వైపులా వెండి రేకు అంటించిన పాలీఐసో బోర్డు. తెల్లటి థర్మోకోల్ కూడా పనిచేస్తుంది గానీ కోసేటప్పుడు గింజలు గింజలుగా రాలి ఇల్లంతా ఎగురుతుంది, అంచులు త్వరగా విరుగుతాయి.

కొలతలు తియ్యడంలోనే సగం పని ఉంది. ఇటుక నోరు చూడటానికి చక్కగా చతురస్రంలా ఉంటుంది, కొలిస్తే తెలుస్తుంది దాని నిజస్వరూపం. వెడల్పుని పైన, మధ్యలో, కింద మూడుచోట్ల కొలవండి, ఎత్తుని కూడా ఎడమ, మధ్య, కుడి. మా దాంట్లో పైకీ కిందకీ ఒకటిన్నర సెం.మీ. తేడా వచ్చింది. అందుకని ముందు అట్టపెట్టె అట్టతో ఒక నమూనా కోసి నోట్లో పెట్టి చూసి, తగిలిన చోట కత్తిరించి, సందున్న చోట ముక్క అతికించి, సరిగ్గా కుదిరాక ఆ అట్టని బోర్డు మీద పరిచి గీసుకోండి. పైన విల్లులా వంగి ఉన్న నోటికైతే ఈ అట్ట లేకుండా అసలు కుదరదు. అట్టకన్నా బోర్డుని చుట్టూ ఒక్కో సెం.మీ. తక్కువగా కొయ్యాలి, ఎందుకంటే అంచుకి 2 సెం.మీ. మందం స్పాంజి పట్టీ అతికిస్తాం, అది సగానికి నొక్కుకుని బిగుస్తుంది. మరీ బిగుతుగా కోస్తే ఇరికించేటప్పుడు బోర్డు విరుగుతుంది, మరీ వదులైతే ఈదురుగాలి రాత్రి అది దానంతటదే గదిలోకి వంగుతుంది.

పొడవు బ్లేడు కట్టర్‌తో సగం లోతు గీసి, టేబుల్ అంచున పెట్టి విరిస్తే నీటుగా విరుగుతుంది. వంపులకి రంపపు పళ్ల కత్తి కావాలి. పట్టీ అతికించే ముందు బోర్డు అంచులు, నోటి చుట్టూ ఇటుకలు పొడి బ్రష్‌తో దులపండి, మసి మీద ఏ జిగురూ నిలవదు. పట్టీని మూలల దగ్గర వంచకుండా కోసి, ముక్కకి ముక్క తాకించండి, వంచితే అక్కడే సందు. కింది అంచుకి రెండు వరసలు వెయ్యడం మంచిది, గూటి నేలలో ఇటుకల మధ్య గాళ్లు ఉంటాయి, ఒక వరస వాటిలోకి దిగదు. బయటికి లాగడానికి రెండు చీలికలు చేసి పాత బ్యాగు బెల్టు ముక్కలు దూర్చి, వెనకవైపు ముడేసి టేపు వెయ్యండి. పిడి పెట్టకపోతే తర్వాత గోళ్లతో పీకాల్సి వస్తుంది, పట్టీ ఊడొస్తుంది.

మూతని ఇటుకల ముఖం కన్నా ఒక నాలుగు వేళ్లు లోపలికి దింపి, నల్లరంగు వేస్తే, దూరం నుంచి అది మూత అని కూడా తెలియదు, చీకటి గూడులా కనిపిస్తుంది. రంగు మాత్రం నీళ్లతో కలిపేదే వాడండి. నేను తొందరలో స్ప్రే డబ్బా రంగు కొట్టాను, ఐదు నిమిషాల్లో పాలీస్టైరిన్ మీద గుంటలు గుంటలు పడి చెదలు తిన్నట్టయింది. ఆ డబ్బాల్లో ఉండే ద్రావకం ఈ బోర్డుని కరిగించేస్తుంది, కొన్ని జిగుర్లు కూడా అంతే, డబ్బా మీద చదివి కొనండి.

ఫోమ్ అంటుకుంటే త్వరగా కాలుతుంది, దాని పొగ విషం. అందుకని దాని ముందు కొవ్వొత్తులు, హీటర్లు పెట్టకండి. ఏడాది పొడవునా అలాగే ఉంచేస్తామంటే ముందు వైపు జిప్సమ్ బోర్డు బిగించి ఫోమ్ కనబడకుండా కప్పెయ్యండి. చిన్నపిల్లలుండే ఇంట్లో అసలు ఆలోచించకుండా ఈ పని చెయ్యండి. మూత ఏ రకమైనా సరే, దానికి ఎర్ర రిబ్బన్ కట్టి "తీసి మంట వెయ్యాలి" అని రాసి బయటికి వేలాడదియ్యండి. గొంతు లోపల పెట్టే మూతలకి ఇది మరీ ముఖ్యం, కంటికి కనబడదు కాబట్టి. మీకు గుర్తుంటుంది, ఇంటికొచ్చిన చుట్టానికి గుర్తుండదు.

అంచుల సందులు, అటక

మూత బిగించాక మళ్లీ అగరుబత్తి తీసుకుని సుద్ద గీతల దగ్గరికి వెళ్లండి. ఇటుక చట్రం గోడని కలిసే సన్నటి బీటల్లో రంగు వెయ్యగలిగే సీలెంటు పూస్తే చాలు. వేలు దూరేంత సందైతే ముందు స్పాంజి తాడు కుక్కి, దాని మీద సీలెంటు వెయ్యాలి, లేకపోతే ట్యూబులు ట్యూబులు మింగుతుంది.

చిమ్నీ అటక దాటే చోట మాత్రం వేరే కథ. చెక్క దూలాలు చిమ్నీకి తగలకుండా కావాలనే చుట్టూ కొంత ఖాళీ వదిలి కడతారు, నిప్పు భయంతో. ఆ ఖాళీలోంచి కింది గదుల వేడిగాలి అటకలోకి ఎగిరిపోతుంటుంది, చిమ్నీ లోపల కాదు, చిమ్నీ పక్కనుంచి. దాన్ని మామూలు స్ప్రే ఫోమ్‌తో నింపకూడదు. సన్నటి ఇనప రేకుని చిమ్నీ ఆకారానికి కోసి పరిచి, అంచులకి మంటని తట్టుకునే సీలెంటు వెయ్యాలి. పైన ఇంకా ఏదైనా పరచాలంటే రాతి ఉన్ని పరచండి, అది కాలదు. చాలా ఇళ్లలో ఈ ఖాళీ సంగతి ఎవరికీ తెలియదు, ఒకసారి అటకెక్కి చిమ్నీ చుట్టూ చెయ్యి పెట్టి చూడండి.

చిమ్నీకి ఊపిరి ఆడాలి

పైనా కిందా రెండు వైపులా బిగించేసి మర్చిపోతే ఇటుకల్లో చెమ్మ చేరుతుంది. ఏళ్ల తరబడి బొగ్గూ కట్టెలూ మండిన చిమ్నీ గోడల్లో ఉప్పు లవణాలు దిగి ఉంటాయి, అవి గాలిలో తేమని లాక్కుంటాయి. కొన్నాళ్లకి గది గోడ మీద గోధుమరంగు మరకలు తేలతాయి, ఎన్నిసార్లు రంగు వేసినా మళ్లీ బయటికొస్తాయి. కాబట్టి పైన వాన పడకుండా, పక్కలనుంచి గాలి ఆడేలా జాలీ ఉన్న టోపీ పెట్టించండి. కింద, చిమ్నీ బయటి గోడకి ఉంటే, వెలుపలి వైపు ఒక చిన్న జాలీ ఇటుక పెట్టించడం అన్నిటికన్నా మేలు, చిమ్నీ బయటి గాలినే పీల్చి బయటికే వదులుతుంది, మీ గది జోలికి రాదు. చిమ్నీ ఇంటి మధ్యలో ఉంటే మూసిన బోర్డులో చిన్న జాలీ ఒకటి పెట్టక తప్పదు, కాస్త వేడి పోతుంది, కానీ ఇందాక లెక్కేసిన దాంతో పోలిస్తే అది లెక్కలోకి రాదు. శాశ్వతంగా మూసేవాళ్లు మర్చిపోయేది ఈ జాలీనే. ఇంకొందరు గొట్టం నిండా ఏదో ఒక పొడి పదార్థం పోసి నింపేస్తారు, నన్నడిగితే వద్దు, తడిసిందంటే బయటికి తియ్యడం నరకం.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. ఆ గదిలో గాలిని గదిలోంచే తీసుకుని మండే గ్యాస్ పొయ్యో బాయిలరో ఇంకొకటి ఉంటే, చిమ్నీ మూసి సందులన్నీ పూడ్చేశాక దానికి గాలి చాలకపోవచ్చు. మూసే ముందే దాని సంగతి తెలిసినవాళ్లకి చూపించుకోండి, కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పకుండా పెట్టుకోండి.

తీసి పెట్టుకునే మూత ఉన్నవాళ్లకి చెమ్మ విషయంలో పని తేలిక. చలికాలం పోయాక ఒక పొడి రోజు చూసి మూత తీసి, వారం పది రోజులు చిమ్నీని ఆరనివ్వండి. వేసవిలో ఏసీ వేసేవాళ్లు ఆ తర్వాత మళ్లీ పెట్టెయ్యొచ్చు. మూత లేకపోతే, ఏసీ వేసిన గదిలో గాలి చల్లగా, బరువుగా ఉంటుంది కాబట్టి చిమ్నీ తిరగబడి మసి వాసనని కిందికి దింపుతుంది. మూత తీసిన రోజు బోర్డు వెనకవైపు అరచేత్తో తడిమి చూడండి. పొడిగా ఉంటే పట్టీలు మాత్రం ఒకసారి సరిచూసి మళ్లీ వాడుకోండి. తడి తగిలినా, నల్లటి బూజు చుక్కలు కనబడినా లోపం బోర్డుది కాదు, పైన టోపీ దగ్గరో ఇటుకల మధ్య సున్నంలోనో నీళ్లు దిగుతున్నాయి. ముందు అది బాగుచేయించి, చిమ్నీ ఆరాకే మళ్లీ మూత పెట్టండి.